తాండూరు రోడ్డెక్కే ముందు

మీ ఊరు బషీరాబాద్ అనుకుందాం. లేదా ఆ పక్కనే నవాంద్గి, జీవన్గి. ఒంట్లో బాగా లేకపోతే తాండూరు పోవాలి. కలెక్టరేట్‌లో పని పడితే వికారాబాద్ పోవాలి. కొడుకు చదువు, బిడ్డ ఉద్యోగం హైదరాబాద్‌లో. చుట్టాలేమో కర్ణాటక సరిహద్దు అవతల సేడంలో, చించోళిలో. ఏ పనైనా రోడ్డు ఎక్కాల్సిందే. ఆ రోడ్డు చాలాచోట్ల రెండు లైన్లే, నడుమ డివైడర్ ఉండదు. ఎదురుగా నాపరాళ్ల లారీ, వెనక సిమెంటు ట్యాంకరు, పక్కన కంది కట్టె నింపుకున్న ట్రాక్టరు. వీటి మధ్య మీరు, మీ మోటారు సైకిలు, వెనక మీ ఇంటివాళ్లు.

"జాగ్రత్తగా పోయి రా" అని ఇంట్లో అందరూ అంటారు. జాగ్రత్త అంటే ఏం చేయాలో ఎవరైనా విడమరచి చెప్పారా? ఈ అధ్యాయంలో ఆ పని చేద్దాం. ముందుగా ఒక విషయం గమనించండి. రోడ్డు మీద మనం చేసే తప్పుల్లో చాలావాటికి బీజం ఇంట్లోనే పడుతుంది. ఆలస్యంగా బయల్దేరతాం. హెల్మెట్ గూట్లోనే మరచిపోతాం. పోయిన వెనక లైటు వచ్చే వారం వేయిద్దాంలే అనుకుంటాం. తర్వాత రోడ్డు మీద చూపించే నేర్పు ఏదీ ఈ లోటును పూడ్చలేదు.

ఇంకొక మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. 2025 నవంబరు 3 సోమవారం ఉదయం తాండూరు నుంచి హైదరాబాద్ వెళ్తున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఢీకొట్టింది. కంకర బస్సులోకి ఒరిగి ప్రయాణికుల మీద పడింది. 19 మంది చనిపోయారు. సెలవుకు ఇంటికొచ్చి కాలేజీకి తిరిగి పోతున్న పిల్లలు వాళ్లలో ఉన్నారు. ఆ పిల్లలు పాటించాల్సిన జాగ్రత్త ఏదీ మిగల్లేదు, బస్సెక్కి కూర్చున్నారు, అంతే. రోడ్డు వెడల్పు చేయడం, అధిక లోడును ఆపడం ప్రభుత్వం పని. ఆ బాధ్యతను ఏ చిట్కాల పుస్తకమూ మీ భుజాల మీదికి మార్చకూడదు. మనం అడుగుతూనే ఉండాలి. కానీ రేపు పొద్దున మీరు పోవాల్సింది ఇవాళ ఉన్న రోడ్డు మీదే కదా? మన చేతిలో ఉన్నవి మనం చూసుకుందాం.

1. ఇరవై నిమిషాలు ముందు బయల్దేరండి

లెక్క వేసి చూద్దాం. తాండూరు నుంచి వికారాబాద్ దాదాపు 40 కిలోమీటర్లు. గంటకు 50 వేగంతో పోతే 48 నిమిషాలు పడుతుంది. 60 వేగంతో పోతే 40 నిమిషాలు. దారి పొడవునా తొందరపడి, కనిపించిన ప్రతి లారీని దాటి, మీరు మిగిల్చుకునేది ఎనిమిది నిమిషాలు. నడుమ ధారూర్‌లో చాయ్‌కి ఆగితే అవీ పోతాయి. ఆ ఎనిమిది నిమిషాలను పొద్దున లేవడంలో సంపాదించుకుంటే ఎంత హాయి!

సోమవారం ప్రజావాణికి అర్జీ పట్టుకుని పోవాలనుకోండి. కాగితాలు, ఆధార్ జిరాక్సులు, బండిలో పెట్రోలు ఆదివారం రాత్రే సిద్ధం చేసుకోండి. టైర్ల గాలి, బ్రేకు లైటు అప్పుడే చూసుకోండి. బ్రేకు లైటు చూడటానికి మెకానిక్ అక్కర్లేదు, రాత్రిపూట గోడకు దగ్గరగా బండి పెట్టి బ్రేకు నొక్కితే గోడ మీద ఎర్రగా కనిపిస్తుంది.

ఇంకో ప్రశ్న. రోడ్డు మీదే పోవాలా? వాడి–సికింద్రాబాద్ రైలు మార్గం 1874 నుంచి మన ప్రాంతం మీదుగానే నడుస్తోంది. తాండూరు, వికారాబాద్ స్టేషన్లు దాని మీదే ఉన్నాయి, బషీరాబాద్ మండలంలోని నవాంద్గి కూడా. చలికాలం తెల్లవారుజామున పొగమంచు పట్టినప్పుడు, ఒంటరిగా హైదరాబాద్ దాకా బండి మీద పోవాలనిపించినప్పుడు రైలు వేళలు ఒకసారి చూడండి. మీకు నచ్చిన వేళకు రైలు ఉండకపోవచ్చు. అయినా అడిగి చూడటంలో పోయేదేమీ లేదు.

2. లారీని దాటే ముందు లెక్క చూడండి

ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుంచుకునే ఓపిక ఉంటే, ఇది గుర్తుంచుకోండి.

మీ ముందు బండల లారీ 40 వేగంతో పోతోంది. మీరు 60తో దాటాలనుకున్నారు. లారీ పొడవు పది మీటర్లు, వెనక పదిహేను మీటర్ల ఎడం, దాటాక ముందు ఇంకో పదిహేను. అంటే లారీ కన్నా మీరు 40 మీటర్లు ఎక్కువ నడవాలి. దానికి ఏడు సెకన్లు పైగా పడుతుంది. ఆ ఏడు సెకన్లూ మీరు ఎదుటివాళ్ల లైనులో ఉంటారు, 120 మీటర్లు ముందుకు పోతారు. ఎదురుగా వచ్చేవాడూ 60తో వస్తుంటే అతనూ 120 మీటర్లు మీ వైపు వస్తాడు. మొత్తం 240 మీటర్లు, అంటే పావు కిలోమీటరు రోడ్డు మీకు స్పష్టంగా ఖాళీగా కనిపించాలి. ఎదుటివాడు 80లో ఉంటే అదీ చాలదు.

ఇప్పుడు అదే లారీ 50 వేగంతో పోతోందనుకోండి. మీ వేగం 60 దాటలేదు. దాటడానికి పద్నాలుగు సెకన్లు. కావలసిన ఖాళీ దాదాపు అర కిలోమీటరు. లారీ వేగం పది పెరిగితే మీకు కావలసిన రోడ్డు రెట్టింపయింది! మన రోడ్ల మీద మలుపు, ఎత్తు, కల్వర్టు ఏదీ లేకుండా అర కిలోమీటరు ఎన్నిచోట్ల ఉంటుంది? లేనిచోట వెనకే ఉండటం పిరికితనం కాదు.

ఈ పనిలో ఎక్కువమంది చేసే తప్పులు చూడండి.

మొదటిది, ముందు కారు దాటిందని దాని తోకపట్టుకుని పోవడం. కారుకు దొరికిన ఖాళీ మీకు దొరకదు, అతను దాటేసరికి సగం ఖాళీ అయిపోయి ఉంటుంది.

రెండోది, ఇండికేటర్‌ను నమ్మడం. లారీ కుడి ఇండికేటర్ వేస్తే "దాటిపో" అంటున్నాడని మనవాళ్ల నమ్మకం. కొందరు డ్రైవర్లు ఆ ఉద్దేశంతోనే వేస్తారు కూడా. కానీ ఆ లారీ కుడివైపు క్వారీ దారిలోకో, పాలిషింగ్ యూనిట్‌లోకో తిరుగుతుంటే? అదే ఇండికేటర్! రోడ్డు ఖాళీగా ఉందని మీ కళ్లు చెప్పాలి, లారీ లైటు చెప్పడం చాలదు.

మూడోది, లారీకి అతుక్కుని పోవడం. దగ్గరగా పోయేకొద్దీ మీకు ముందున్న రోడ్డు కనిపించదు. డ్రైవర్‌కు మీరు కనిపించరు. అతని పక్క అద్దంలో అతని ముఖం మీకు కనిపించకపోతే, మీరు అతని లెక్కలో లేనట్టే. లారీ ఒక కరెంటు స్తంభాన్ని దాటిన క్షణం నుంచి మీరు ఆ స్తంభం చేరేసరికి నిదానంగా మూడు అంకెలు లెక్కపెట్టగలగాలి. వానలో ఐదు. బండలు సరిగా కట్టని లారీ, పైన పట్టా కప్పని కంకర టిప్పర్ అయితే ఇంకా వెనక్కి తగ్గండి.

అనంతగిరి ఘాట్‌లో అసలు దాటవద్దు. తాండూరు నుంచి కేరెళ్లి మీదుగా వికారాబాద్ పోయేటప్పుడు ఆ మలుపులు తగులుతాయి. ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి, ఇది నిబంధన. దిగేటప్పుడు గేరు తగ్గించి దిగండి, బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకుంటే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. కోతులకు అరటిపళ్లు వేయాలని మలుపులో కారు ఆపే అలవాటు మానుకోవాలి. కోతి రోడ్డు మీదికి వస్తుంది, వెనక వచ్చేవాడికి మీ కారు ఆఖరి క్షణం దాకా కనిపించదు.

3. తారు అంచు దగ్గర

మనది ఎక్కువగా రేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగి పగుళ్లిస్తుంది. అందుకే రోడ్డు అంచున తారు ఎత్తుగా, పక్క మట్టి లోతుగా మిగిలిపోతుంది. ఎదురుగా పెద్ద బండి మీదికి వచ్చి, మీ చక్రం ఆ అంచు దిగిందనుకోండి. అప్పుడు ఏం చేస్తారు? చాలామంది భయంతో హ్యాండిల్‌ను ఒక్కసారిగా తారు మీదికి తిప్పుతారు. చక్రం అంచుకు రాసుకుని జారుతుంది, బండి లారీ కిందికి పడుతుంది. అలా చేయవద్దు. దిగితే దిగనివ్వండి. హ్యాండిల్ నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, వేగం బాగా తగ్గాక, అంచు తక్కువగా ఉన్నచోట మెల్లగా ఎక్కండి.

చేవెళ్ల రోడ్డులో ఇంకో సంగతి ఉంది. పోలీస్ అకాడమీ నుంచి మన్నెగూడ దాకా పెద్ద పెద్ద మర్రిచెట్లు. వాటి కోసం ఏళ్లపాటు కోర్టుల్లో పోరాటం జరిగింది, ఆ నీడ నాకూ ఎంతో ఇష్టం. కానీ కొన్నిచోట్ల తారు అంచు పక్కనే మాను ఉంటుంది. అక్కడ పక్కకు తప్పుకునే జాగా ఉండదని ముందే అనుకుని వేగం తగ్గించి పోవాలి.

4. వాగు పొంగితే ఆగండి

అనంతగిరి గుట్టల నుంచి మూసీ తూర్పుగా హైదరాబాద్ వైపు పోతుంది. కాగ్నా పడమరగా మన తాండూరు, బషీరాబాద్ వైపు వచ్చి, మల్ఖేడ్ మీదుగా భీమలో కలుస్తుంది. అంటే వాన వికారాబాద్ వైపు పడితే, ఇక్కడ ఎండ కాస్తున్నా కాగ్నా పొంగవచ్చు. "మన దగ్గర చినుకే లేదు" అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

2021 ఆగస్టు చివర్లో మర్పల్లి మండలం తిమ్మాపూర్ వాగులో కొత్త పెళ్లివారి కారు కొట్టుకుపోయింది. పెళ్లి జరిగి వారమైనా కాలేదు. పెళ్లికూతురుతో పాటు ఇంటివాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రోజూ చూసే వాగే కదా అన్న చనువు చీకట్లో, వరదలో ఎంత మోసం చేస్తుందో దాని తర్వాత కూడా మనకు తెలియకపోతే ఎలా?

అడుగు లోతు నీరు పారుతుంటే చిన్న కారు తేలడం మొదలవుతుంది. రెండడుగులుంటే పెద్ద కార్లూ నిలవవు. మోటారు సైకిలు పట్టు తప్పడానికి అంత నీరు కూడా అక్కర్లేదు. లోలెవల్ వంతెనకు రెయిలింగ్ ఉండదు, నీటి కింద అంచు ఎక్కడో, కోసుకుపోయిన చోటు ఎక్కడో కనపడదు. పక్కన నిలబడినవాళ్లు "పోవచ్చు, ఇప్పుడే ట్రాక్టర్ పోయింది" అంటారు. ట్రాక్టర్ బరువు వేరు, ఎత్తు వేరు. ఆగండి. నీరు తగ్గేదాకా ఆగండి, లేదా వెనక్కి తిరగండి. రాత్రి అయితే దగ్గరి ఊళ్లో ఎవరి అరుగు మీదనైనా పడుకోండి. మన పల్లెల్లో అట్లాంటి రాత్రి ఎవరూ కాదనరు.

5. కంది కోతల కాలం, రాత్రి ప్రయాణం

తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు మనకు గర్వకారణం. కోతలు డిసెంబరు, జనవరిల్లో. ఆ రెండు నెలలూ రోడ్డు మారిపోతుంది. కంది కట్టె ట్రాక్టర్ ట్రాలీకి రెండు పక్కలా పొంగి ఉంటుంది, వెనక లైట్లు కట్టె కిందికి పోతాయి. కొందరు సగం రోడ్డు మీద పంట ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. పంట ఎత్తేశాక రాళ్లు అక్కడే మిగులుతాయి.

రైతు సోదరులకు ఒక విన్నపం. ట్రాలీ వెనక ఎర్రటి రిఫ్లెక్టర్ టేపు అంటించండి, కట్టె దాన్ని కప్పకుండా చూడండి. రాళ్లను పంటతో పాటే తీసేయండి. ఆ దారిన పొద్దుపోయాక వచ్చేది మీ ఊరి పిల్లాడే కావచ్చు.

బండి నడిపేవాళ్లకు ఇంకో లెక్క. డిమ్ లైటులో మీకు బాగా కనిపించేది నలభై, యాభై మీటర్లు. 60 వేగంలో పొడి రోడ్డు మీద, మీరు చూసి, బ్రేకు వేసి, బండి నిలిచేసరికి 45 మీటర్ల దాకా పడుతుంది. 80లో అయితే 70 మీటర్లు. అంటే 80లో పోయేవాడు ఆగిన ట్రాలీని చూసే సమయానికే ఆలస్యమైపోయింది. రాత్రిపూట 50 దాటకండి. ఎదుటివాడు హైబీమ్ వేసుకుని వస్తే మీరూ పోటీకి వేయవద్దు. చూపును మీ ఎడమవైపు రోడ్డు అంచుకు మార్చి, వేగం తగ్గించండి. కళ్లు తేరుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది.

6. వెనక కూర్చున్నవాళ్ల సంగతి

నడిపేవాడికి హెల్మెట్, వెనక కూర్చున్న ఇల్లాలికి కొంగు మాత్రమేనా? చట్టం ఇద్దరికీ హెల్మెట్ తప్పనిసరి చేసింది. పట్టీ బిగించని హెల్మెట్ దెబ్బ తగిలే లోపే ఎగిరిపోతుంది. చీర కొంగు, చున్నీ, బురఖా అంచు చక్రంలో పడకుండా ముందే ఒడిలోకి చుట్టుకోవాలి. చీరగార్డు తీయించి "లుక్ బాగుంది" అనుకునే కుర్రాళ్లారా, మీ అమ్మ ఆ బండి ఎక్కుతుందని గుర్తుపెట్టుకోండి. పసివాళ్లను ట్యాంకు మీద కూర్చోబెట్టవద్దు. నాలుగేళ్ల లోపు పిల్లలను నడిపేవాళ్లకు కట్టి ఉంచే బెల్టుతో, హెల్మెట్‌తో, 40 మించని వేగంతో తీసుకుపోవాలని నిబంధన ఉంది.

పదో తరగతి పిల్లాడు అడుగుతాడు, "నాయినా, భద్రేశ్వరస్వామి జాతరకు బండి తీస్క పోతా." వాడికి నడపడం వచ్చు, మీకూ తెలుసు. మరి ఇస్తారా? 2019 సవరణ తర్వాత మైనరు చేతికి బండి వెళ్తే తండ్రికో యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. జరిమానా సంగతి అలా ఉంచండి. ఎదురుగా లారీ వచ్చినప్పుడు వేగాన్ని అంచనా వేసే అనుభవం వాడికింకా రాలేదు. "నేనే దింపుతా, నేనే తీస్కొస్తా" అనండి. వాడు అలుగుతాడు, అలగనివ్వండి.

7. ఇంట్లోవాళ్లు ఫోన్ చేయడం ఆపాలి

ఈ చిట్కా బండి మీద ఉన్నవాళ్లకు కాదు, ఇంట్లో ఎదురుచూసేవాళ్లకు. "యాడిదాకొచ్చినవ్ బిడ్డా?" అని అమ్మ పది నిమిషాలకోసారి ఫోన్ చేస్తుంది. అది ప్రేమే. కానీ ఆ ఫోన్ ఎత్తడానికి బిడ్డ ఒక చేయి హ్యాండిల్ మీంచి తీయాలి, మెడ వంచి భుజానికి ఆనించాలి. ఒక ఒప్పందం చేసుకోండి. బయల్దేరేటప్పుడు ఒక ఫోన్, చేరాక ఒక ఫోన్. నడుమ ఏదైనా ఉంటే, బండి ఆపి నడిపేవాళ్లే చేస్తారు.

8. బస్సులో మీరు ప్రయాణికులైతే

2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంలో మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. సరిహద్దు దాటి కర్ణాటక వైపు పోతే మాత్రం అక్కడి నుంచి టికెట్ కొనాలి. బస్సులు కిక్కిరిసి ఉంటున్నాయి. ఎంత తొందరైనా ఫుట్‌బోర్డు మీద వేలాడవద్దు. చేయి, తల కిటికీ బయట పెట్టవద్దు, ఎదురుగా వచ్చే లారీ అద్దానికి బస్సుకు నడుమ ఉండేది జానెడు.

డ్రైవర్ ఫోన్ మాట్లాడుతున్నా, మలుపులో దాటుతున్నా నోరు మూసుకుని కూర్చోవాలా? "అన్నా, జర మెల్లగ పోనీ, పిల్లలున్నరు" అని మర్యాదగా అడగండి. ఒకరు అడిగితే ఇద్దరు గొంతు కలుపుతారు. మీ దారిలో రోజూ పట్టా లేకుండా, బాడీ మీదికి కుప్ప పోసుకుని తిరిగే టిప్పర్ కనిపిస్తే, బండి నడుపుతూ కాకుండా ఆగిన చోట నంబరు రాసుకుని 112కు, రవాణా శాఖకు చెప్పండి. అధిక లోడుకు 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 చొప్పున జరిమానా చట్టంలో ఉంది. దీని మీద గ్రామసభలో పేరు పేరునా సంతకాలు పెట్టించి ఇచ్చిన ఫిర్యాదు కాగితాన్ని పక్కన పడేయడం అధికారులకు అంత తేలిక కాదు.

9. ప్రమాదం కళ్లముందు జరిగితే

"పోలీసులు, కోర్టులు మనకెందుకు" అని చాలామంది బండి ఆపరు. ఆ భయానికి ఇప్పుడు కారణం లేదు. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు తీర్పుతో, ఆ తర్వాత 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్‌తో, సాయం చేసినవాళ్లకు రక్షణ ఉంది. పేరు చెప్పమని మిమ్మల్ని బలవంతం చేయకూడదు, ఆసుపత్రిలో డబ్బు కట్టమనకూడదు. బాధితులకు 2025 మే నుంచి, ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం చేసే పథకం ఉంది. గుర్తు తెలియని బండి ఢీకొట్టి పోతే, చనిపోయినవారి కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడ్డవారికి 50 వేలు పరిహారం. దానికి పోలీసు కేసు నమోదై ఉండాలి, కాబట్టి "ఎందుకులే" అని ఊరుకోవద్దు.

ముందు మీ బండిని రోడ్డు పక్కకు తీసి, వచ్చేవాళ్లకు దూరం నుంచే కనిపించేలా ఒకరిని నిలబెట్టండి. గాయపడ్డవాళ్లను లాగవద్దు, ఎత్తి కూర్చోబెట్టవద్దు, మంటలు రాజుకుంటే తప్ప. హెల్మెట్ గబుక్కున పీకవద్దు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

108కు ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీద అయితే 1033 కూడా పనిచేస్తుంది. మన్నెగూడ, పరిగి, కొడంగల్ దారి 163 నంబరు జాతీయ రహదారి. మహబూబ్‌నగర్ నుంచి కొడంగల్, తాండూరు మీదుగా చించోళి పోయేది 167ఎన్. అవతలివాళ్లు "ఎక్కడ?" అని అడిగితే "తాండూరు దాటినంక వేపచెట్టు కాడ" అంటే అంబులెన్సుకు అందదు. దగ్గరలో ఉన్న కిలోమీటరు రాయి దాకా ఒకరిని పరుగెత్తించండి. రాయి పైభాగం పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి. ఆ రంగు, రాయి మీద ఊరి పేరు, దాని కింద ఉన్న అంకె చూసి ఫోన్‌లో చదవండి. మీరు ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోతున్నారో కూడా చెప్పండి. అంబులెన్సు డ్రైవర్ మళ్లీ ఫోన్ చేస్తాడు, అతను వచ్చేదాకా మీ ఫోన్ ఎవరికీ ఇవ్వకండి, వేరే ఫోన్లు మాట్లాడకండి.